కుక్కను సముద్రము దాటించుటకు ముందు: కాగితముల క్రమము



మన సంఘ కుటుంబములలోని పిల్లలు నర్సు ఉద్యోగమునకో, కంప్యూటరు పనికో ఇంగ్లండు, ఆస్ట్రేలియా, న్యూజీలాండు వెళ్లుట ఇప్పుడు వింత విషయము కాదు. బాగేపల్లినుండియు, చింతామణినుండియు, చిక్కబళ్ళాపురమునుండియు వెళ్లుచున్నారు. మొదట ఒకరు వెళ్తారు, తరువాత భార్యాబిడ్డలు వెళ్తారు. వీసా కాగితములు, సర్టిఫికెట్ల నకళ్లు, ఇంటి అద్దె, బంగారము, అన్నిటికి ఏర్పాటు జరుగుతుంది. టికెట్టు కొన్న తరువాత ఒక సాయంకాలము చిన్నపిల్లవాడు అడుగుతాడు: "మరి మన కుక్క?"

అప్పుడు అడిగితే పెద్దల దగ్గర జవాబు ఉండదు. డబ్బు ఉన్నను, మనసు ఉన్నను దినములు మిగిలియుండవు. రేబీస్ లేని ద్వీప దేశమునకు కుక్కనో పిల్లినో తీసికొనిపోవుటకు కావలసిన దానిలో కొనలేనిది కాలము ఒక్కటే. ఆ కాలమును ఎక్కడనుండి లెక్కించవలెనో ఈ పాఠములో నేర్చుకొందము. ముఖ్యముగా ఇంగ్లండు, అనగా గ్రేట్ బ్రిటన్, నిబంధనలను తీసికొని చెప్పుచున్నాము. మిగిలిన దేశముల సంగతి చివరలో క్లుప్తముగా చూడవచ్చును.

ద్వీపములకు అంత పట్టుదల ఎందుకు?

మన తాలూకాలలో పిచ్చికుక్క అను మాట వినని పిల్లవాడు లేడు. మన దేశములో ఏటా 18,000 నుండి 20,000 మంది రేబీస్ వలన చనిపోవుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలము అంచనా చెప్పినది. ఈమధ్య భారత వైద్య పరిశోధనా మండలి వారి అధ్యయనములో ఆ సంఖ్య సుమారు 5,700 అని తేలినది. సంఖ్య తగ్గినదని సంతోషించవచ్చును గాని, లక్షణములు కనిపించిన తరువాత ఈ వ్యాధికి మందు లేదన్న సంగతి మారలేదు.

బ్రిటన్ ఈ వ్యాధిని 1902 నాటికి తన గడ్డమీదనుండి తుడిచివేసినది. కుక్కల మూతికి బుట్టలు కట్టించి, బయటనుండి వచ్చిన కుక్కలను నెలల తరబడి వేరుగా ఉంచి సాధించినారు. ఆ కాలములో కుక్కల యజమానులు ఈ మూతిబుట్టల చట్టముమీద మండిపడినారు. మొదటి ప్రపంచ యుద్ధము చివరలో, 1918లో, సైనికులు దొంగతనముగా తెచ్చిన కుక్కల ద్వారా వ్యాధి మరల ప్రవేశించినది. దానిని వదిలించుకొనుటకు 1922 వరకు పట్టినది. ఒకరిద్దరు చూపిన ప్రేమకు దేశమంతయు నాలుగేండ్లు మూల్యము చెల్లించినది.

1969లో జరిగినది ఇంకను గమనించదగినది. సర్రే ప్రాంతములోని క్యాంబర్లీ అను పట్టణములో ఒక కుక్క ఉండెను. జర్మనీనుండి వచ్చినది. చట్టప్రకారము ఆరు నెలలు క్వారంటైనులో ఉండి, ఏ లక్షణము లేకుండ బయటికి వచ్చినది. వచ్చిన కొద్దిదినములకే దానికి రేబీస్ బయటపడినది. మరుసటి సంవత్సరము న్యూమార్కెట్‌లో, పాకిస్తానునుండి వచ్చిన మరొక కుక్క విషయములో అదే జరిగినది. ఈ వైరస్ కాటు పడిన చోటనుండి నరముల వెంబడి నెమ్మదిగా మెదడునకు ప్రాకుతుంది. దారిలో ఉన్నంతకాలము కుక్క తింటుంది, ఆడుతుంది, తోక ఊపుతుంది. చూచి చెప్పగలిగినవాడు లేడు. ఈ కారణముచేతనే ఆ దేశపు అధికారికి మన కుక్క ఎంత ముద్దుగా ఉన్నదన్నది అక్కరలేదు, కాగితము కావలెను.

2008లో శ్రీలంకనుండి లండను తీసికొనిపోయిన ఒక కుక్కపిల్ల క్వారంటైనులోనే రేబీస్‌తో చనిపోయినది. అక్కడ పనిచేయువారిని అది కరచెను కూడ. క్వారంటైను లేకపోయిన యెడల అది ఏ ఇంటిలో ఏ పిల్లల మధ్య ఉండేదో ఆలోచించండి. శ్రీలంక మనకు ఎంత దూరము?

మన దేశములోను రేబీస్ లేని ద్వీపములు ఉన్నవి. అండమాన్ నికోబార్, లక్షద్వీపములు ఆ లెక్కలోనివి. లక్షద్వీపములలోనికి కుక్కలనే రానియ్యరు. కాబట్టి ఈ కట్టడి తెల్లవారి గర్వమని ఎవరును అనుకొనకూడదు.

నాలుగు పనులు, ఒకే వరుస

పూర్వము బ్రిటన్‌కు ఏ కుక్క వెళ్లినను ఆరు నెలలు క్వారంటైనులో ఉండవలసియుండెను. 2000 ఫిబ్రవరి 28న కొన్ని దేశములకు ఆ నియమమును సడలించినారు. మన దేశమువంటి వాటికి 2012 జనవరి 1నుండి దారి తెరచినారు. అనగా ఇప్పుడు కాగితములు సరిగా ఉన్న కుక్క క్వారంటైను లేకుండ నేరుగా ఇంటికి పోవచ్చును. అయితే ఆరు నెలల కాలము పూర్తిగా పోలేదు. అందులో పెద్ద భాగము అక్కడి బోనునుండి మన ఇంటికి మారినది, అంతే.

వరుస ఇది. మొదట మైక్రోచిప్. బియ్యపు గింజంత ఉండు ఈ వస్తువును సూదితో మెడ వెనుక చర్మము క్రింద ఉంచుతారు. దానిలో 15 అంకెల సంఖ్య ఉంటుంది. చిప్ వేసిన తరువాత, లేక అదే దినమున, రేబీస్ టీకా. కుక్కకు అప్పటికి కనీసము 12 వారములు నిండియుండవలెను. టీకా వేసిన దినము విడిచి కనీసము 30 దినములు గడచిన తరువాత రక్తము తీయవలెను. ఆ రక్తమును బ్రిటన్ ఆమోదించిన ప్రయోగశాలకు పంపవలెను. ఒక మిల్లీలీటరులో 0.5 అంతర్జాతీయ యూనిట్లు గాని, అంతకు ఎక్కువ గాని ప్రతిరక్షకములు ఉన్నవని అక్కడ తేలవలెను. రక్తము తీసిన తేదీనుండి మూడు నెలలు నిండినగాని కుక్క ఆ దేశములో అడుగు పెట్టకూడదు.

రక్తపరీక్ష బాగున్నప్పుడు ఇంకను మూడు నెలలు ఎందుకు అని మన వారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. టీకా పనిచేసినదని మాత్రమే ఆ పరీక్ష చెప్పగలదు. టీకాకు ముందే వీధికుక్క కరచి, వైరస్ అప్పటికే నరములలో బయలుదేరియుంటే ఆ సంగతి ఈ పరీక్షలో తెలియదు. దాగియున్న వ్యాధి బయటపడుటకు ఇచ్చిన గడువే ఈ మూడు నెలలు.

వరుసలో అన్నిటికంటె ఎక్కువ తప్పిపోవునది మొదటి మెట్టు. మన ఊళ్లలో కుక్కకు టీకా వేయించుట తెలుసు. సెప్టెంబరు 28న ప్రపంచ రేబీస్ దినమున పశువుల ఆసుపత్రులలో ఉచితముగా వేస్తారు, తీసికొనిపోయి వేయిస్తాము. మంచిదే. కాని చిప్ లేనప్పుడు వేసిన టీకా ఈ ప్రయాణమునకు లెక్కలోనికి రాదు. ఆ టీకా ఈ కుక్కకే వేసినారనుటకు ఋజువు ఏది? డాక్టరుగారు తెలిసినవారే కావచ్చును, నిజమే చెప్పవచ్చును. హీత్రో విమానాశ్రయములోని అధికారికి డాక్టరుగారు తెలియదు గదా.

తాలూకా ఆసుపత్రిలో చిప్ దొరకనియెడల బెంగళూరు వెళ్లవలెను. బాగేపల్లి, చిక్కబళ్ళాపురము వారికి హెబ్బాళ పశువైద్య కళాశాల హైదరాబాదు రోడ్డుమీదనే ఉన్నది. రేబీస్ పరీక్షలలో పేరుపొందిన ప్రయోగశాల ఆ కళాశాలలో ఉన్నది. అయినను రక్తము తీయించుటకు ముందు, ఏ ప్రయోగశాల ఫలితమును బ్రిటన్ అంగీకరించుచున్నదో వారి ప్రభుత్వ జాబితాలో ఆ వారమే చూచుకొనవలెను. జాబితాలో లేని చోట చేయించిన పరీక్ష ఎంత మంచిదైనను పనికిరాదు.

ఒక లెక్క వేసి చూతము

చింతామణిలో ఒక కుటుంబము జూన్ 1న బయలుదేరవలెననుకొందము. జనవరి 5న ఇంటిదగ్గర కుక్కకు టీకా వేయించినారు. చిప్ సంగతి మార్చిలో తెలిసినది. మార్చి 20న బెంగళూరులో చిప్ వేయించి, అదే దినమున మరల టీకా వేయించినారు. రక్తము ఏప్రిల్ 19కి ముందు తీయకూడదు. 19ననే తీసినను మూడు నెలలు నిండునది జూలై 19. జూన్ 1 టికెట్టు వృథా, లేక కుక్క ఇక్కడ.

అదే కుటుంబము జనవరి 5ననే చిప్, టీకా రెండును వేయించియుంటే? ఫిబ్రవరి 10న రక్తము తీసినను మే 10కి గడువు తీరిపోయేది. పైగా మూడు వారములు చేతిలో ఉండేవి. ఖర్చు ఎక్కువ కాదు, ఒక టీకా తక్కువ కూడ.

అయితే మూడు వారములు చాలునని మేము చెప్పము. కొన్ని కుక్కలకు, ముఖ్యముగా మొదటిసారి టీకా వేయించుకొన్న చిన్నవాటికి, ఒక్క టీకాతో 0.5 రాదు. అప్పుడు మరల టీకా, మరల రక్తము, మరల మూడు నెలలు. వెళ్లవలెనను ఆలోచన ఇంటిలో పుట్టిన దినముననే చిప్ వేయించుట మంచిదని మా అభిప్రాయము. ప్రయాణము ఆగిపోయినను చిప్ వలన నష్టము లేదు. ఒకసారి పరీక్ష నెగ్గిన కుక్కకు, టీకా గడువు దాటకముందే మరుసటి టీకా వేయించుచు పోయినంతకాలము ఆ ఫలితము చెల్లుతుంది. ఒక్క దినము దాటినను మొదటికి వచ్చినట్లే.

కాగితము మీది అక్షరములు

ఇంట తెలుగు, కచ్చేరిలో కన్నడము, విమానాశ్రయములో ఇంగ్లీషు: ఇది మన బ్రతుకు. కుక్క టీకా పుస్తకములోను ఈ మూడును కనిపిస్తవి. ఒక పేజీలో కన్నడములో "రాణి", మరొక పేజీలో ఇంగ్లీషులో ఒక వర్తనితో, ప్రయోగశాల కాగితములో మరొక వర్తనితో. ఇంటిలో ఎవరు పిలిచినను అది తోక ఊపుకొనుచు వస్తుంది గాని, కాగితములో ఆ మూడును మూడు కుక్కలు. పేరు, జాతి, రంగు, పుట్టిన తేదీ, యజమాని పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే ప్రతి కాగితములోను ఒకే విధముగా ఇంగ్లీషులో ఉండవలెను. నాటు కుక్క అయితే సిగ్గుపడి పెద్ద జాతి పేరు వ్రాయించవద్దు. చూచినవారికి అనుమానము కలుగును.

తేదీలలో నెలను అక్షరములతో వ్రాయించండి. 5-6 అని వ్రాస్తే మనకు జూన్ 5, అమెరికా అలవాటు గలవారికి మే 6. ముప్పది దినముల లెక్కలో ఇది చిన్న సంగతి కాదు. టీకా సీసామీది చీటీ, దానిమీది బ్యాచి సంఖ్యతో సహా పుస్తకములో అంటింపబడవలెను. గుంపులు గుంపులుగా టీకాలు వేయు ఉచిత శిబిరములలో ఇది విడిచిపెట్టబడుట సహజము. వినయముగా అడిగి వేయించుకొనండి. డాక్టరు సంతకము, ముద్ర, రిజిస్టరు సంఖ్య స్పష్టముగా ఉండవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఆ 15 అంకెలు. టీకా వేయునప్పుడును, రక్తము తీయునప్పుడును చిప్‌ను యంత్రముతో చదివి, చదివిన సంఖ్యను వ్రాయమని అడగండి. పాత కాగితమును చూచి దించుకొన్న సంఖ్యలో ఒక 6 ఒక 8 అయినదంటే మూడు నెలల నిరీక్షణ ఎగిరిపోవును. ఇంటికి వచ్చిన తరువాత ఇద్దరు కూర్చుని, ఒకరు చదువుచుండగా మరొకరు అంకె అంకె సరిచూచుట మంచి అలవాటు. పిల్లలకు ఇచ్చినను చేస్తారు, పెద్దలకంటె జాగ్రత్తగా చేస్తారు.

ఇక్కడ ఒక శోధనను గూర్చి చెప్పకుండ ఉండలేము. దినములు చాలనప్పుడు "వెనుకటి తేదీ వేసి ఇస్తాము" అనువారు తటస్థపడుదురు. సర్టిఫికెట్టు అనగా సాక్ష్యము. 2015లో హాలీవుడ్ నటుడు జానీ డెప్, ఆయన భార్య అంబర్ హర్డ్ తమ రెండు చిన్న కుక్కలను ప్రకటించకుండ సొంత విమానములో ఆస్ట్రేలియాకు తీసికొనిపోయినారు. కుక్కలను వెంటనే వెనుకకు పంపివేయనియెడల చంపవలసివచ్చునని అక్కడి మంత్రి చెప్పినాడు. ప్రయాణపు కాగితములో తప్పు సమాచారము ఇచ్చినందుకు 2016 ఏప్రిల్‌లో ఆమె కోర్టులో నేరము ఒప్పుకొనవలసివచ్చెను. అంత పలుకుబడి గలవారి కథ అట్లు ముగిసినది. వీసామీద పోయిన నర్సు విషయములో ఉద్యోగమే ప్రమాదములో పడవచ్చును.

చివరి పది దినములు

మూడు నెలలు నిండిన తరువాత పని వేగముగా జరుగవలెను. బ్రిటన్ కోరు ఆరోగ్య సర్టిఫికెట్టును డాక్టరు పూర్తిచేసి, ప్రభుత్వ అధికారి ధృవీకరించవలెను. మన దేశములో ఈ పని కేంద్ర పశుసంవర్ధక శాఖ క్రింద ఉన్న యానిమల్ క్వారంటైన్ అండ్ సర్టిఫికేషన్ సర్వీసెస్ వారిది. వారి కేంద్రములు ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, హైదరాబాదు, బెంగళూరులలో ఉన్నవి. కాబట్టి మనము దూరము పోనక్కరలేదు. ముందుగా సమయము తీసికొని, రక్తపరీక్ష ఫలితము, టీకా పుస్తకము, పాస్‌పోర్టు, టికెట్టు నకళ్లతో కుక్కను తీసికొనిపోవలెను. సర్టిఫికెట్టు ఇచ్చిన 10 దినములలోగా బ్రిటన్ చేరవలెను.

కుక్కకు బద్దెపురుగు మందు కూడ వేయించవలెను. ఇది ఆ దేశములో దిగుటకు 24 గంటలకు తక్కువ గాకుండ, 120 గంటలకు మించకుండ ఇవ్వవలెను. ఇంటిలో మాత్ర మింగించి "ఇచ్చినాము" అంటే చెల్లదు. డాక్టరు ఇచ్చి, తేదీతో గంటకూడ వ్రాయవలెను. విమానము ఆలస్యమైతే ఏమగునో ముందే ఆలోచించి, రెండు మూడు దినముల ముందు ఇప్పించుట క్షేమము. పిల్లులకు ఈ మందు నియమము లేదు.

విమానములో కుక్క మన ప్రక్కన కూర్చుండదు. బ్రిటన్‌కు విమానములో వచ్చు పెంపుడు జంతువులు సరుకుగా, ఆమోదించిన మార్గములోనే రావలెను. వికలాంగులకు తోడుగా ఉండు శిక్షణ పొందిన కుక్కలకు మాత్రము మినహాయింపు ఉన్నది. బోను అంతర్జాతీయ విమాన సంస్థల కొలతల ప్రకారము ఉండవలెను: కుక్క లేచి నిలిచి, తిరిగి, పండుకొనుటకు చోటు కావలెను. బోనును నెల ముందే కొని, తలుపు తీసి వరండాలో ఉంచండి. దానిలోనే అన్నము పెట్టండి. ఖర్చు మనిషి టికెట్టును మించవచ్చును. కాపురము మార్చుకొనువారు పెంపుడు జంతువుమీద సుంకపు మినహాయింపునకు అక్కడి పన్నుల శాఖకు ముందుగానే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. దానిని మరువవద్దు.

మన కుటుంబములకు ప్రత్యేకముగా తగులు నియమము ఒకటి ఉన్నది. కుక్కయు యజమానియు ఒకరినుండి ఒకరు 5 దినముల లోపల ప్రయాణము చేయవలెను. ముందు అమ్మాయి వెళ్లి, ఇల్లు చూచుకొని, ఆరు నెలల తరువాత కుక్కను పంపించండి అంటే అది వ్యాపార సరుకు లెక్కలోనికి వెళ్లును. సర్టిఫికెట్టు వేరు, నిబంధనలు వేరు. అటువంటప్పుడు కుక్కను ఇంటిలో మిగిలినవారి ప్రయాణముతో కలుపుట, కాగితములు వారి పేరున ఉంచుట సులభము. కాగితములు మొదలుపెట్టు దినముననే యజమాని ఎవరో నిర్ణయించుకొనండి.

మిగిలిన దేశములు

ఆస్ట్రేలియాకు మన దేశమునుండి కుక్కను నేరుగా తీసికొనిపోవుటకు వీలులేదు. వారు ఆమోదించిన వేరొక దేశమునకు మొదట చేర్చి, అక్కడనుండి నిబంధనలు నెరవేర్చవలెను. రక్తము ప్రయోగశాలకు చేరిన తరువాత 180 దినముల నిరీక్షణ, మెల్‌బోర్న్ దగ్గర మికిల్‌హామ్‌లో కనీసము 10 దినముల క్వారంటైను, గుర్తింపు పరిశీలన సరిగా జరుగనియెడల 30 దినములు. న్యూజీలాండు కూడ మననుండి నేరుగా అంగీకరించదు. మధ్యలో ఇంకొక దేశములో కుక్కను నెలల తరబడి ఎవరు పెంచుతారు? అక్కడ బంధువులు ఉన్నవారికి తప్ప ఈ రెండు దేశములు సామాన్య కుటుంబమునకు అందుబాటులో లేవని చెప్పుటయే న్యాయము. ఈ నిబంధనలన్నియు మారుచుండును గనుక, మొదలుపెట్టునప్పుడు ఆయా ప్రభుత్వముల ప్రకటనలు చదువుకొనవలెను. ఏజెంటు మాట తరువాత.

తీసికొనిపోలేనివారు

ముసలి కుక్కను, పగ్గువలె ముక్కు అణగిన జాతులను విమానములో పంపుట మాకు మంచిదనిపించదు. చప్పిడిముక్కు కుక్కలకు ఊపిరి కష్టము గనుక కొన్ని విమాన సంస్థలు తీసికొననే తీసికొనవు. అటువంటి దానికి ఇక్కడనే మంచి ఇల్లు చూచుట ప్రేమకు లోటు కాదు. కాని దానికి కూడ కాలము కావలెను. నాలుగైదు నెలల ముందే ఆ ఇంటివారిని పిలిచి అలవాటు చేయించండి. ఆదివారములు అక్కడ ఉంచి తీసికొనిరండి. టీకా పుస్తకమును కుక్కతోపాటు వారి చేతికి ఇవ్వండి.

ప్రయాణము ముందు రాత్రి కుక్కను చర్చి ఆవరణములోనో, హైవే దాబా దగ్గరనో విడిచిపోవుట మాత్రము చేయకూడదు. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము. ఇంటిలో పెరిగిన కుక్కకు వీధిలో పోట్లాడుట రాదు. మొదటి వారములోనే కాటు తింటుంది. ఆ తరువాత అది ఎవరిని కరచునో, ఆ పిల్లవాని తండ్రి ఎవరో మనకు తెలియదు. కాటు పడినయెడల వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి, ఆ దినమే ప్రభుత్వ ఆసుపత్రికి పోయి టీకాలన్నియు చెప్పిన తేదీలలో వేయించుకొనవలెను. పసరు, కారము, సున్నము పూయకూడదు.

అభ్యాసము

కుటుంబముగా కూర్చుని వీటికి జవాబులు వ్రాసికొనండి.

1. మీ ఇంటి కుక్క చివరి టీకా తేదీ ఏది? ఆ కాగితము ఇప్పుడు ఎక్కడ ఉన్నది? దానిమీద బ్యాచి చీటీ ఉన్నదా?

2. గుడిబండలో ఒక కుక్కకు మార్చి 2న చిప్, టీకా వేసినారు. రక్తము మార్చి 28న తీసినారు. ఫలితము 1.2 వచ్చినది. జూలై 10న లండను ప్రయాణము. ఈ కుక్కను అక్కడ దిగనిచ్చెదరా? కారణము వ్రాయండి.

3. మీ కుటుంబములో ముందుగా వెళ్లువారు ఒకరు, తరువాత వెళ్లువారు ఇద్దరు అయినయెడల, కుక్క కాగితములు ఎవరి పేరున ఉండవలెను?